ముగ్గురి లెక్కతో కనీస వేతనం, ఒక్కరి పేర అద్దె: నగరంలో ఒంటరి ఉద్యోగికి 18 వేలు సరిపోతాయా?

హైదరాబాద్: నెలకు 18 వేల రూపాయల జీతంతో నగరంలో ఒక మనిషి బతకగలడా అన్న ప్రశ్నకు ప్రభుత్వ గణాంకాలను ఆశ్రయిస్తే సమాధానం తేలికగానే దొరుకుతుంది. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ జరిపిన 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలోని పట్టణ ప్రాంతాల్లో ఒక్కొక్కరి నెలవారీ ఖర్చు సగటున 6,996 రూపాయలు. తెలంగాణ పట్టణాల్లో అది 8,978, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 7,182 రూపాయలు. ఉచితంగా అందిన సరుకుల విలువను ఈ అంకెల్లో కలపలేదు. ఈ లెక్కన 18 వేలు సంపాదించే ఒంటరి ఉద్యోగి సగటు పట్టణవాసి ఖర్చుకు రెండున్నర రెట్లు ఆర్జిస్తున్నట్టు. నెలాఖరుకు సగానికి పైగా మిగలాలి.

అమీర్‌పేటలోనో, ఎస్సార్‌నగర్‌లోనో ముగ్గురు కలిసి ఉండే హాస్టల్ గదిలో ఒక మంచానికీ రెండు పూటల భోజనానికీ కలిపి చెల్లించే మొత్తమే ఆ జాతీయ సగటుకు ఇంచుమించు సమానమని ఆ వీధుల్లో ఒక్క పూట తిరిగినవారికి అర్థమవుతుంది. గణాంకం అబద్ధం చెప్పడం లేదు. అది కుటుంబాన్ని కొలిచి, వచ్చిన మొత్తాన్ని తలలతో భాగించింది. నలుగురున్న ఇంట్లో ఒక పొయ్యి, ఒక ఫ్రిజ్, ఒక అద్దె, ఒక కరెంటు మీటరు ఉంటాయి. వాటి ఖర్చు నలుగురికీ పంచబడుతుంది. ఒంటరిగా ఉండే మనిషికి భాగించడానికి రెండో తల లేదు.

ఈ చిక్కు సర్వేతో ఆగిపోయేదైతే దానిని గణాంక నిపుణులకు వదిలివేయవచ్చు. దేశంలో కనీస వేతనాన్ని నిర్ణయించే సూత్రం కూడా ఇదే పునాదిపై నిలిచి ఉండటం, 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి రావడంతో ఆ సూత్రానికి దేశవ్యాప్త చట్టబద్ధత లభించనుండటం వల్ల విషయం ఇప్పుడు చర్చకు వస్తోంది.

నియామక పత్రంలో 20 వేలు, బ్యాంకు ఖాతాలో 16 వేలు

ముందుగా జీతం సంగతి. ఉద్యోగంలో చేరేవారికి చెప్పే అంకె ఒకటి, ఒకటో తారీఖున ఖాతాలో పడే అంకె మరొకటి. మూలవేతనం, కరవు భత్యం కలిపి 15 వేలు, ఇతర భత్యాలు 3 వేలు ఉన్న ఉద్యోగాన్ని ఉదాహరణగా తీసుకుందాం. భవిష్యనిధికి ఉద్యోగి వాటా 12 శాతం చొప్పున 1,800 రూపాయలు. ఈఎస్‌ఐని మొత్తం జీతంపై లెక్కిస్తే ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 135 రూపాయలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 వేలు దాటి 20 వేల లోపు జీతంపై వృత్తిపన్ను 150 రూపాయలు. ఇవన్నీ పోగా చేతికందేది 15,915 రూపాయలు.

యజమాని తన వంతుగా భవిష్యనిధికి మరో 1,800, ఈఎస్‌ఐకి 3.25 శాతం చొప్పున 585 రూపాయలు చెల్లించాలి. చాలా సంస్థలు ఈ మొత్తాలను కూడా కలిపి సీటీసీగా చూపుతాయి కనుక ఇదే ఉద్యోగం నియామక పత్రంలో 20,385 రూపాయల ఉద్యోగంగా కనిపిస్తుంది. ఆ పత్రానికీ బ్యాంకు ఖాతాకూ మధ్య దూరం దాదాపు నాలుగున్నర వేలు. అందులో అధికభాగం ఉద్యోగి భవిష్యత్తు కోసం జమ అవుతున్న సొమ్మే తప్ప వృథా కాదు. అయితే వచ్చే నెల అద్దెకు అది అక్కరకు రాదు.

ఇక ఖర్చు. కింది అంకెలు హైదరాబాద్‌లో సాధారణంగా వినిపించే ధరల ఆధారంగా వేసిన నమూనా లెక్క మాత్రమే. ప్రాంతాన్నిబట్టి, మనిషినిబట్టి అటూఇటూ అవుతుంది. భోజనంతో కూడిన షేరింగ్ హాస్టల్‌కు 7 వేలు. టీఎస్‌ఆర్‌టీసీ నుంచి టీజీఎస్‌ఆర్‌టీసీగా పేరు మారిన సంస్థ 2025 జూన్‌లో ధరలు పెంచిన తర్వాత మెట్రో ఎక్స్‌ప్రెస్ నెల పాస్ 1,600. హాస్టల్‌లో పెట్టని మధ్యాహ్న భోజనాలు, టీ, ఆదివారం రాత్రి తిండికి 1,500. ఫోన్ రీచార్జి 325. సబ్బులు, బట్టలు, చెప్పులు, క్షవరానికి వెయ్యి. మందులకు 500. రెండు మూడు నెలలకోసారి ఊరికి వెళ్లివచ్చే ఖర్చును నెలకు సర్దితే మరో వెయ్యి. మొత్తం 12,925 రూపాయలు. మిగిలేది 2,990.

రీచార్జి అంకె గురించి చిన్న మాట. ప్రీపెయిడ్ ప్యాకు గడువు 28 రోజులే కావడంతో ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు చెల్లించాలి. జీతం పన్నెండు సార్లే వస్తుంది.

అదే ఉద్యోగి హాస్టల్ వదిలి నగర శివారులో సొంతంగా ఒక గది తీసుకుంటే అద్దె 7,500, కరెంటు, నీళ్లు, నిర్వహణకు 700, తిండికి 4,500, పైన చెప్పిన తక్కిన ఖర్చులు 4,425. మొత్తం 17,125. చేతికందిన దానికన్నా 1,210 రూపాయలు ఎక్కువ. అంటే ఈ జీతం సరిపోతుందా లేదా అన్నది నిజానికి తిండి మీదో, దుబారా మీదో ఆధారపడి లేదు. లోపలినుంచి గడియ పెట్టుకునే తలుపు ఒకటి కావాలా, అక్కర్లేదా అన్న దానిపై ఆధారపడి ఉంది. వేతన విధానాలు ఈ ప్రశ్నను ఎన్నడూ ఈ రూపంలో వేసుకోలేదు.

1957లో ఊహించిన కార్మికుడు

భారతదేశంలో అవసరాల ప్రాతిపదికన కనీస వేతనాన్ని లెక్కించే పద్ధతి 1957 నాటి 15వ భారత కార్మిక మహాసభలో రూపుదిద్దుకుంది. సంపాదించే పురుషుడు ఒక యూనిట్, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6. వెరసి మూడు వినియోగ యూనిట్లు. భార్యాపిల్లల సంపాదనను లెక్కలోకి తీసుకోరాదు. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల వస్త్రం, ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకం కింద వసూలు చేసే కనీస అద్దె, మొత్తం వేతనంలో 20 శాతం వంటచెరకు, దీపాలు, ఇతర ఖర్చులకు. 1991లో రాప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం, పెళ్లి వంటి అవసరాల కోసం మరో 25 శాతాన్ని చేర్చింది.

కేలరీల అంకె వెనుక ఉన్న పోషకాహార శాస్త్రవేత్త వాలెస్ ఎక్రాయిడ్. ఆయన కూనూరులో నడిపిన పరిశోధనశాలే తర్వాత హైదరాబాద్‌కు తరలివచ్చి, నేడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థగా మారింది. తిండి విషయంలో నాటి లెక్క ఎంత శ్రద్ధగా వేశారో చెప్పడానికి ఇది చాలు. అద్దె విషయంలో మాత్రం సర్కారు క్వార్టరు దొరుకుతుందన్న ఊహతో సరిపెట్టారు. మిల్లులు, గనులు, రైల్వే కాలనీల కాలంలో ఆ ఊహ మరీ అసంబద్ధమేమీ కాదు.

ఆశ్చర్యం కలిగించేది తర్వాతి కథ. 2019 వేతన స్మృతి కోసం కేంద్రం 2020లో వెలువరించిన ముసాయిదా నియమాలు అవే మూడు యూనిట్లను, అవే 2,700 కేలరీలను నిలుపుకున్నాయి. గజాలు మీటర్లయి, 72 గజాలు 66 మీటర్లుగా మారాయి. అద్దెను ఆహారం, వస్త్రాల ఖర్చులో 10 శాతంగా పేర్కొన్నాయి. ఈ సూత్రాన్ని యథాతథంగా అన్వయిస్తే ఏమవుతుందో చూడటం అవసరం. వేతనంలో 20 శాతం ఇంధనానికి, 25 శాతం చదువు, వైద్యాలకు పోతే మిగిలే 55 శాతంలోనే తిండి, బట్ట, అద్దె ఇమడాలి. అద్దె తిండి, బట్టల్లో పదోవంతు కనుక ఆ రెండింటికీ 50 శాతం, అద్దెకు 5 శాతం వస్తాయి. అంటే 20 వేల వేతనంలో ఇంటి అద్దె వెయ్యి రూపాయలు.

కేంద్ర పరిధిలోని పనులకు 2024 అక్టోబరు 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం హైదరాబాద్‌తో సహా 'ఎ' కేటగిరీ నగరాల్లో నైపుణ్యం లేని కార్మికుడికి రోజుకు 783 రూపాయలు, 26 పనిదినాలకు 20,358 రూపాయలు. దానిని మూడు యూనిట్లతో భాగిస్తే ఒక్కో యూనిట్‌కు 6,786. పైన చెప్పిన జాతీయ పట్టణ సగటు 6,996కు ఇది ఎంత చేరువో గమనించవచ్చు. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లిన లెక్కలు ఒకే చోటికి చేరాయి. కాగితం మీద ఒంటరి ఉద్యోగి తన యూనిట్‌కు 6,786 ఖర్చుచేసి 13,572 రూపాయలు దాచుకోగలగాలి. వాస్తవంలో ఆ 6,786 హాస్టల్ మంచం దగ్గరే అయిపోతుంది.

సర్వేలో అద్దె వాటా చూస్తే దీనికి కారణం బోధపడుతుంది. 2023-24లో పట్టణ కుటుంబాల వ్యయంలో అద్దె వాటా 6.58 శాతం మాత్రమే. సొంత ఇంట్లో ఉన్నవారు అద్దె కట్టరు. వారి సున్నాలు కూడా కలిసిన సగటు అది. వలస వచ్చిన ఒంటరి ఉద్యోగి విషయంలో పై నమూనా లెక్క ప్రకారం గది అద్దె ఒక్కటే చేతికందిన జీతంలో 47 శాతం. వినియోగదారుల ధరల సూచీదీ ఇదే పరిస్థితి. 2012 ఆధార సంవత్సరపు సూచీలో గృహ విభాగం బరువు దేశం మొత్తానికి 10.07 శాతం, పట్టణాలకు 21.67 శాతం. 2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయి ఆ శ్రేణిలోనే కనిష్ఠ స్థాయిని నమోదు చేసింది. కూరగాయలు, పప్పుల ధరలు తగ్గడం అందుకు ప్రధాన కారణం. హాస్టల్‌లో తినే మనిషికి టమాటా చౌక అయినందువల్ల నెల బిల్లు తగ్గదు. జీతం పెంపు అడిగినప్పుడు మాత్రం యజమాని చేతిలో ఆ 0.25 శాతమే ఉంటుంది.

2019లో అనూప్ శత్పథి అధ్యక్షతన నిపుణుల కమిటీ ఈ ముడిని కొంతవరకు విప్పే ప్రయత్నం చేసింది. కుటుంబాన్ని 3.6 యూనిట్లకు పెంచి, కేలరీలను 2,400కు తగ్గించి, మాంసకృత్తులకూ కొవ్వుకూ పరిమాణాలు చేర్చి, 2018 జులై ధరల్లో రోజుకు 375 రూపాయల జాతీయ కనీస వేతనాన్ని సిఫారసు చేసింది. పట్టణ కార్మికులకు అద్దె కోసం విడిగా రోజుకు 55 రూపాయలు, నెలకు 1,430 రూపాయలు ఇవ్వాలని పేర్కొంది. మొత్తం చిన్నదే. అయినా నగరంలో అద్దె ఒక ప్రత్యేక సమస్య అని ఒప్పుకున్న కొద్ది అధికారిక పత్రాల్లో అది ఒకటి. అప్పటికి అమల్లో ఉన్న జాతీయ స్థాయి కనీస వేతనం 2017 జూన్ నుంచి 176 రూపాయలు. కమిటీ నివేదిక వచ్చిన ఏడాదిలో దానికి రెండు రూపాయలు కలిపి 178 చేశారు.

లెక్కలో లేని తల్లిదండ్రులు

మూడు యూనిట్ల కుటుంబంలో భార్య ఉంది, పిల్లలున్నారు. తల్లిదండ్రులు లేరు. పెళ్లికాని ఇరవై అయిదేళ్ల ఉద్యోగికి ఉన్న కుటుంబం సరిగ్గా ఆ తల్లిదండ్రులే. శ్రీకాకుళం నుంచో, పాలమూరు నుంచో నగరానికి వచ్చి సెక్యూరిటీ గార్డుగా, డేటా ఎంట్రీ ఆపరేటరుగా, షోరూంలో సేల్స్ మనిషిగా పనిచేసే యువతలో చాలామంది చిరునామా మేరకే ఒంటరులు. ఊళ్లో నాన్న మందులు, చెల్లెలి ఫీజు, పంటకు తెచ్చిన అప్పు వడ్డీ వారి జీతం మీదే వాలతాయి. నమూనా లెక్కలో మిగిలిన 2,990 రూపాయలు మిగులుగా కనిపించినా, ఇంటికి పంపేది మూడు వేలయితే మిగులు పది రూపాయల లోటుగా మారుతుంది. ఈ సొమ్మును వ్యక్తిగత వ్యయ సర్దుబాటుగా, ఇష్టపూర్వక దానంగా భావించే ఏ బడ్జెట్ సలహా అయినా తెలుగు ఇళ్లలో చెల్లదు.

1957 సూత్రంలో మరో మనిషి కూడా లేదు. అందులో స్త్రీ 0.8 యూనిట్ల భార్యగానే కనిపిస్తుంది. తానే సంపాదించి, తానే గది తీసుకునే స్త్రీని నాటి సమావేశం ఊహించినట్టు లేదు. ఆమె లెక్క పురుషుడి లెక్కకన్నా ఒక చోట తేలిక, మరో చోట భారం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైన మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం, 2023 జూన్ నుంచి కర్ణాటకలో శక్తి పథకం ఇటువంటివే. నమూనా లెక్కలో 1,600 రూపాయలు ఒక్కసారిగా తొలగిపోతాయి. చేతికందే జీతంలో అది పదోవంతు. వేతన సవరణ ద్వారా అంత పెరుగుదల రావాలంటే ఎన్నేళ్లు పట్టేదో ఊహించవచ్చు. ఉచిత బస్సును ఖజానా భారంగా మాత్రమే చూసే చర్చల్లో ఈ కోణం తరచు మరుగున పడుతోంది.

భారం మరో చోట ఎదురవుతుంది. నగరం చివర చవకగా దొరికే గదిని ఆమె ఎంచుకోలేదు. రాత్రి పదింటికి షిఫ్టు ముగిస్తే బస్సు ఉచితమైనా బస్సే ఉండదు. ఆటోకో, క్యాబ్‌కో ఇవ్వక తప్పదు. భద్రతకు ఇచ్చే ధర అద్దెలో కలిసిపోయి వస్తుంది. ఇక 'ఫ్యామిలీలకు మాత్రమే' అన్న టు-లెట్ బోర్డులు ఆడామగా తేడా లేకుండా ఒంటరివారందరికీ తలుపులు మూస్తున్నాయి. ఇల్లు దొరికే అవకాశం తగ్గినకొద్దీ దొరికిన చోట అడిగినంత ఇవ్వాల్సి వస్తుంది.

ఒంటరితనానికి చెల్లించే అదనపు ధర

అదనపు ధర అద్దెతో ఆగదు. క్రిసిల్ సంస్థ ప్రతినెలా వెలువరించే అంచనాల ప్రకారం ఇంట్లో వండుకునే శాకాహార భోజనం ఖర్చు 2025లో 26 నుంచి 30 రూపాయల మధ్య కదలాడింది. రెండు పూటలా అదే తింటే నెలకు 1,800 రూపాయలకు మించదు. బయట మెస్‌లో ఒక పూట భోజనమే వంద రూపాయలకు దగ్గరవుతోంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా వండే మనిషి శ్రమ, వంటగది, గిన్నెలు, సమయం. కుటుంబంలో ఆ శ్రమకు ఎవరూ జీతం ఇవ్వరు కనుక అది ఏ లెక్కలోనూ కనిపించదు. ఒంటరి ఉద్యోగి దానిని డబ్బు పెట్టి కొనాలి. హైదరాబాద్ గల్లీల్లో వెలసిన కర్రీ పాయింట్లు ఈ అవసరానికి పుట్టిన మధ్యేమార్గం. అన్నం గదిలో చిన్న కరెంటు కుక్కర్‌లో ఉడుకుతుంది, కూర మాత్రం పాలిథిన్ సంచిలో వస్తుంది. ఏ ప్రభుత్వ పథకమూ లేకుండా నగరం తనంతట తాను కనిపెట్టిన పొదుపు పద్ధతి ఇది.

గ్యాస్ విషయం తీసుకుంటే చిరునామా రుజువు లేనివారికి 5 కిలోల చిన్న సిలిండర్ దొరుకుతుంది. కిలో లెక్కన చూస్తే ఇంటి కనెక్షన్ సిలిండర్‌కన్నా దాని ధర ఎక్కువ. రేషన్ కార్డు ఊళ్లో కుటుంబం పేర ఉంటుంది. ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు విధానం దేశమంతటా అమల్లోకి వచ్చినా, గదిలో వంట లేని మనిషి బియ్యం తెచ్చుకుని చేసేదేముంది? అతని వాటా ఊళ్లోనే తీసుకుంటారు. ఉచిత విద్యుత్తు, సబ్సిడీ గ్యాస్ వంటి రాష్ట్ర పథకాలు తెల్ల కార్డునో, కుటుంబాన్నో ప్రమాణంగా తీసుకుంటాయి. కార్డు ఒక చోట, మనిషి మరొక చోట. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్న అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లోని 5 రూపాయల భోజన కేంద్రాలు మాత్రం కార్డు అడగవు. అందుకే మధ్యాహ్నం వాటి ముందు నిలబడే వరుసలో కూలీల పక్కన మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న యువకులూ కనిపిస్తారు.

నిజమైన పరీక్ష మామూలు నెలలో రాదు. గది మారాల్సిన నెలలో, జ్వరం వచ్చిన నెలలో, ఉద్యోగం పోయిన నెలలో వస్తుంది. హైదరాబాద్‌లో రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇవ్వడం మామూలు. బెంగళూరులో అయిదారు నెలలు, అంతకన్నా ఎక్కువ కూడా అడుగుతారు. కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలలకు మించి డిపాజిట్ వద్దంది. దానిని చట్టంగా మలచవలసినది రాష్ట్రాలు. 7,500 అద్దె గదికి మొదటి నెల అద్దెతో కలిపి ఒకేసారి 22,500 కావాలి. నెలకు మూడు వేలు మిగుల్చుకోగలిగినా ఏడున్నర నెలలు పడుతుంది. అందుకే చాలామంది హాస్టల్ మంచాన్ని ఇష్టపడి కాక, బయటపడే దారి లేక అంటిపెట్టుకుని ఉంటారు.

జబ్బు విషయంలో 18 వేల ఉద్యోగికి ఒక రక్షణ ఉంది. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారికి అనారోగ్య సెలవు కాలంలో వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు లభిస్తుంది. తోడు ఎవరూ లేని మనిషికి ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ పరిమితి 2017 జనవరి నుంచి 21 వేల దగ్గరే నిలిచిపోయింది. జీతం 21 వేలు దాటినవారు ఈ గొడుగు బయట పడి సొంతంగా బీమా కొనుక్కోవాలి. భవిష్యనిధి వేతన పరిమితి 15 వేలుగా నిర్ణయమైనది 2014 సెప్టెంబరులో. 2012ను 100గా తీసుకున్న ధరల సూచీ 2025 అక్టోబరు నాటికి 197 దాటింది. ఐటీ రంగంలో కొత్తగా చేరేవారికి ఒకప్పుడు ఏడాదికి 3 లక్షల పైచిలుకు ఇచ్చిన పెద్ద సంస్థలు నేటికీ మూడున్నర లక్షల పరిసరాల్లోనే ఉన్నాయి. ధరలు రెట్టింపయిన కాలంలో జీతం నిలిచి ఉంటే దాని కొనుగోలు శక్తి సగమవుతుంది. గార్డుకూ ఇంజినీరుకూ మధ్య గీత పలచబడుతోందంటే అందుకు ఇదొక కారణం.

పొరుగు దేశాల్లోనూ ఇదే చిత్రం. బంగ్లాదేశ్ వస్త్ర పరిశ్రమలో కనీస వేతనాన్ని 2023 డిసెంబరు నుంచి 12,500 టాకాలుగా నిర్ణయించారు. కార్మిక సంఘాలు అడిగినది 23 వేలు. శ్రీలంక జాతీయ కనీస వేతనాన్ని 2025 ఏప్రిల్‌లో 27 వేల రూపాయలకు, 2026 జనవరి నుంచి 30 వేలకు పెంచింది. ఢాకా శివార్లలోని మెస్ గదుల్లో, కటునాయకె ఎగుమతి మండలం చుట్టూ ఉన్న బోర్డింగ్ ఇళ్లలో పల్లెల నుంచి వచ్చిన యువతులు గదిని పంచుకుంటేనే ఇంటికి డబ్బు పంపగలుగుతున్నారు. పరిశ్రమ చౌకగా ఉండటానికి పంచుకున్న గది ఒక మూలస్తంభమని చెప్పినా అతిశయోక్తి కాదు.

గది ఎవరు కట్టాలి?

ఈ సత్యాన్ని పరిశ్రమలు గ్రహించినట్టే ఉంది. తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్కాట్ శ్రీపెరుంబుదూరు సమీపంలోని వల్లం వడగాల్‌లో 18,720 మంది మహిళా కార్మికులకు నిర్మించిన వసతి గృహ సముదాయం 2024 ఆగస్టులో ప్రారంభమైంది. ఫాక్స్‌కాన్ ఉద్యోగినుల కోసం కట్టినది అది. అంతకు కొద్ది వారాల ముందు కేంద్ర బడ్జెట్ పారిశ్రామిక కార్మికులకు ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో డార్మిటరీ తరహా అద్దె వసతిని ప్రకటించింది. 2024 జూన్‌లో జీఎస్టీ మండలి, కనీసం 90 రోజులు ఉండేవారికి నెలకు 20 వేల రూపాయల లోపు వసతిపై పన్ను మినహాయించాలని నిర్ణయించడంతో హాస్టళ్లపై అంతకుముందు నెలకొన్న 12 శాతం పన్ను భయం తొలగింది. ఇవన్నీ మంచి అడుగులే. అయితే యజమానే వసతి కల్పించినప్పుడు ఉద్యోగం పోతే గది కూడా పోతుందన్న సంగతి మరువరానిది. పైగా ఇవి పెద్ద కర్మాగారాలకు వర్తించే పరిష్కారాలు. కూకట్‌పల్లి బట్టల దుకాణంలో, విజయవాడ డయాగ్నస్టిక్ కేంద్రంలో, మాదాపూర్ అపార్టుమెంటు గేటు వద్ద పనిచేసేవారికి డార్మిటరీ ఎవరూ కట్టరు.

వారికి మిగిలినది వేతనమే. పాత కనీస వేతనాల చట్టం షెడ్యూలులో చేర్చిన ఉపాధులకే వర్తించేది. కొత్త స్మృతి ఉద్యోగులందరికీ కనీస వేతన హక్కును విస్తరించింది. కేంద్రం నిర్ణయించే అట్టడుగు వేతనంకన్నా తక్కువగా ఏ రాష్ట్రమూ రేటు నిర్ణయించరాదని, ఇప్పటికే ఎక్కువ ఉన్నచోట తగ్గించరాదని చెప్పింది. భౌగోళిక ప్రాంతాన్నిబట్టి వేర్వేరు అట్టడుగు వేతనాలు నిర్ణయించే వెసులుబాటునూ ఇచ్చింది. నగరపు అద్దెను లెక్కలోకి తేవడానికి చట్టంలో ఉన్న ద్వారం ఇదే. ఆహారం, వస్త్రాల్లో పదోవంతు అన్న కొలతను అలాగే ఉంచితే ఆ ద్వారం తెరిచినా లోపలికి వచ్చేది వెయ్యి రూపాయల అద్దే. ఆ స్థానంలో నగరాలవారీగా సేకరించిన వాస్తవ అద్దెను, కనీసం శత్పథి కమిటీ చూపిన విధంగా విడి భత్యాన్ని పెడితే హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి అంకెలు వేర్వేరుగా వస్తాయి. ఆ అద్దెలను సేకరించే యంత్రాంగం కొత్తగా నిర్మించాల్సిన పనికూడా లేదు. ధరల సూచీ కోసం గణాంక శాఖ సిబ్బంది పట్టణాల్లో అద్దెలు ఎలాగూ నమోదు చేస్తున్నారు.

కేంద్ర పరిధిలోని పనులకు ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో కరవు భత్యం సవరిస్తారు. మూల రేట్ల సవరణకు వేతన స్మృతి సాధారణంగా అయిదేళ్లకు మించని గడువు పెట్టింది. నగరాల్లో గది అద్దె ఒప్పందాలు మాత్రం 11 నెలలకే రాసుకుంటున్నారు. గడువు తీరగానే అద్దె పెంచడం ఆనవాయితీ. సంవత్సరానికి అయిదు శాతం చొప్పున పెరిగినా 7,500 గది అయిదో ఏడు ముగిసేసరికి తొమ్మిదిన్నర వేలు అవుతుంది. ఆ రెండు వేలు ఎక్కడినుంచి వస్తాయన్నది అట్టడుగు వేతన ప్రకటనలో అద్దె పద్దు ఎలా ఉంటుందన్న దానినిబట్టి తేలుతుంది.